ఏలీయాకి ముందు రొట్టె పెట్టారు

(స్కూళ్లు తెరిచే ముందు వారం జరిగిన స్టాఫ్ ఓరియంటేషన్‌లో ఒక స్కూల్ కౌన్సిలర్ మేడమ్ మాట్లాడింది ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ వందనాలు. ఫాదర్‌గారికి, సిస్టర్స్‌కి, టీచర్లకి, ఆఫీసు వాళ్లకి, అదిగో వెనకాల గోడ దగ్గర నిలబడ్డ ఆయమ్మలకి కూడా. అమ్మా, మీరెందుకు నిలబడ్డారు, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదా, రండి. డ్రైవర్ అన్నలు కూడా రండి. మీరు కూర్చున్నాకే మొదలుపెడతాను, ఎందుకంటే ఈరోజు చెప్పేదాంట్లో సగం మీ గురించే.

నాకిచ్చిన టాపిక్ ఏంటంటే కాథలిక్ స్కూల్లో పిల్లల క్షేమం, స్టాఫ్ క్షేమం. నేను పంతొమ్మిదేళ్లు లెక్కల టీచర్ని, అదీ మన కాన్వెంట్ స్కూళ్లలోనే, తర్వాత సైకాలజీ చదువుకుని ఏడేళ్లుగా కౌన్సిలర్‌గా చేస్తున్నాను. కాబట్టి మార్చి నెలలో కరెక్షన్ పేపర్ల కట్ట ఎంత బరువుంటుందో నాకు తెలుసు, పిల్లలు కౌన్సిలింగ్ రూమ్‌లోకి వచ్చి తలుపు దగ్గరే ఎందుకు ఆగిపోతారో కూడా తెలుసు.

మీలో బైబిల్ చదివేవాళ్లకి ఏలీయా కథ తెలుసు. చదవనివాళ్ల కోసం చెప్తాను, మన స్టాఫ్‌లో హిందువులు, ముస్లింలు చాలామంది ఉన్నారు కదా, మీరూ వినండి, కథ బాగుంటుంది. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. ఏలీయా పెద్ద ప్రవక్త. దానికి ముందు అధ్యాయంలోనే కర్మెలు కొండ మీద పెద్ద విజయం సాధించాడు. మన భాషలో చెప్పాలంటే హండ్రెడ్ పర్సెంట్ రిజల్ట్ వచ్చింది, ఫ్లెక్సీ కట్టారు. ఆ వెంటనే రాణి చంపుతానని కబురు పెడితే ఎడారిలోకి పారిపోయి ఒక పొద కింద కూలబడి, ప్రభూ ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. ఎవరు అన్నారు? ప్రవక్త అన్నాడు. విశ్వాసం లేనివాడు కాదు. అలా అని నిద్రపోయాడు.

ఇప్పుడు చెప్పండి, దేవుడు ఏం చేశాడు? నీకు విశ్వాసం తక్కువైంది అన్నాడా? ఎక్కువగా ప్రార్థన చెయ్యి అన్నాడా? మిగతా ప్రవక్తల్ని చూడు, వాళ్లెలా చేస్తున్నారో అన్నాడా? ఏమీ అనలేదు. దేవదూత వచ్చి తట్టి లేపి, లేచి తిను అన్నాడు. తల దగ్గర వేడి రాళ్ల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చారు! దూత మళ్లీ వచ్చి, లేచి తిను, నీ ప్రయాణం చాలా దూరం అన్నాడు. నలభై రోజులు నడిచి హోరేబు కొండకి చేరాక అప్పుడు దేవుడు మాట్లాడాడు, అదీ ప్రసంగం కాదు, ప్రశ్న అడిగాడు, ఏలీయా నువ్విక్కడ ఏం చేస్తున్నావు అని. ఒకసారి కాదు రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ అదే జవాబు చెప్తే విన్నాడు. ఆఖర్న నువ్వొక్కడివే చెయ్యక్కర్లేదని ఎలీషాని తోడు ఇచ్చాడు.

రొట్టె, నిద్ర, వినడం, తోడు. ఈ వరస గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే మన స్కూళ్లలో మనం దీన్ని తిరగేసి చేస్తాం. ముందు ప్రసంగం ఇస్తాం.

సరే, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండి. పోయిన ఫిబ్రవరిలో, ఎస్ఎస్‌సి ప్రీ ఫైనల్స్ టైమ్‌లో, మీలో ఎంతమంది లంచ్ బాక్స్ పూర్తిగా తిన్నారు? చేతులు ఎత్తండి. చూడండి, సిస్టర్, మీరు కూడా చూడండి. నలభై మందికి పైగా ఉన్నాం, ఎన్ని చేతులు లేచాయి? ఎవర్నీ తప్పు పట్టడానికి అడగలేదు. లంచ్‌లో డిసిప్లిన్ డ్యూటీ, తర్వాత లీజర్ పీరియడ్ ఉంది కదా అప్పుడు తిందాంలే అనుకుంటే సబ్‌స్టిట్యూషన్ చీటీ వస్తుంది, నీళ్లు తాగితే మళ్లీ వాష్‌రూమ్‌కి వెళ్లాలి, టైమ్ ఉండదు అని నీళ్లు కూడా తాగని టీచర్లు నాకు తెలుసు. నేనూ అలానే చేశాను, యూరిన్ ఇన్ఫెక్షన్‌తో రెండుసార్లు హాస్పిటల్ పాలయ్యాను. ఇంటికెళ్తే వాట్సాప్ గ్రూప్. రాత్రి పదింటికి ఒక తల్లి మెసేజ్, మేడమ్ మా బాబు హోంవర్క్ రాసుకోలేదు కొంచెం ఫొటో పెట్టండి అని. ఆవిడ తప్పు కాదు, ఆవిడకి ఆ టైమే దొరుకుతుంది. కానీ ఆ టీచర్ పొద్దున ఏడింటికి లేచినప్పటి నుంచి ఎవరో ఒకరికి జవాబు చెప్తూనే ఉంది.

ఇప్పుడు ఆ టీచర్ దగ్గరికి మూడో పీరియడ్ అయ్యాక ఒక పిల్ల వచ్చి, మిస్, ఒక మాట చెప్పాలి అంటుంది. ఆ టీచర్ చెడ్డది కాదు. చాలా మంచిది. కానీ తర్వాత చెప్పమ్మా అంటుంది. ఆ తర్వాత ఇక రాదు. మీకు అందరికీ ఇలాంటి ఒక తర్వాత ఉందని నాకు తెలుసు. నాకూ ఉంది. అందుకే నేను ఏ స్కూల్‌కి వెళ్లినా పిల్లల క్షేమం గురించి మాట్లాడమంటే ముందు టైమ్‌టేబుల్ చూపించమంటాను. కౌన్సిలర్ రూమ్ ఎక్కడుంది అని అడగను, టీచర్‌కి రోజులో ఎవరూ లాక్కోని పది నిమిషాలు ఉన్నాయా అని అడుగుతాను.

పేద పిల్లల కోసం స్కూళ్లు పెట్టిన ఇటలీ ఫాదర్, పునీతుడు డాన్ బోస్కోగారి గురించి మీకు తెలుసు, జనవరి 31న పండగ చేస్తాం. ఆయన 1884 మే నెలలో రోమ్ నుంచి తన స్కూల్ వాళ్లకి ఒక ఉత్తరం రాశారు. అప్పటికి ఆయనకి దాదాపు డెబ్భై ఏళ్లు. దాంట్లో ఒక కల చెప్తారు. కలలో పాత రోజుల ఆటస్థలం కనిపిస్తుంది, పిల్లలు ఆడుతున్నారు, పాడుతున్నారు, పెద్దవాళ్లు వాళ్ల మధ్యలోనే ఉన్నారు. తర్వాత ఇప్పటి ఆటస్థలం కనిపిస్తుంది, పిల్లలు విసుగ్గా, మూలమూలన, అనుమానంగా, పెద్దవాళ్లు దూరంగా. ఏం తేడా వచ్చింది, మావాళ్లు ఇంత కష్టపడుతున్నారు కదా, పిల్లల్ని ప్రేమించట్లేదా అని ఆయన అడిగితే, ప్రేమిస్తున్నారు, కానీ అది చాలదు, ప్రేమిస్తున్నారని పిల్లలకి తెలియాలి అని జవాబు వస్తుంది. ఈ మాట మనం పోస్టర్ల మీద వేసుకుంటాం. కానీ ఉత్తరంలో దాని చుట్టూ ఉన్నది చదివితే ఆయన మాట్లాడేది ఇంటర్వెల్ గురించి! బల్ల దగ్గర మాత్రమే కనిపించే మాస్టారు మాస్టారు మాత్రమే, ఆటలో కూడా కలిస్తే అన్న అవుతాడు అంటారు. అంటే ఆయన టీచర్లని గ్రౌండ్‌లోకి రమ్మంటున్నారు. మనమేమో ఇంటర్వెల్‌లో నోట్‌బుక్స్ కరెక్షన్ చేస్తున్నాం. నేను మేనేజ్‌మెంట్‌ని అడిగేది ఏంటంటే, కరస్పాండెంట్ ఫాదర్‌గారూ, ఇది మీకే, టీచర్ గ్రౌండ్‌లోకి రావాలంటే ఆ నోట్‌బుక్స్ కరెక్షన్‌కి ఇంకో టైమ్ చూపించాలి. ఉన్న పని మీద ఇంకో పని పెట్టి దానికి క్షేమం అని పేరు పెడితే అది టీచర్‌కి భారమే అవుతుంది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఇది చెప్పాలా వద్దా అని రాత్రంతా ఆలోచించాను.

చాలా ఏళ్ల కింద, నేను ఇంకా లెక్కల టీచర్‌గా ఉన్నప్పుడు, నైన్త్ క్లాస్ అమ్మాయి ఒకతి నా దగ్గరికి వచ్చి వాళ్ల అమ్మానాన్న విడిపోతున్నారని చెప్పింది. ఏడవలేదు కూడా. లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకు ఆగలేదు, అప్పటి హెచ్చెం సిస్టర్‌తో చెప్పాను, ఆ అమ్మాయి కోసం ప్రార్థించండి సిస్టర్ అని. ఆవిడ ఎంతో ప్రేమ ఉన్న మనిషి. మర్నాడు అసెంబ్లీలో మైక్‌లో, నైన్త్ బి సెక్షన్‌లో ఒక పాప ఇంట్లో తల్లిదండ్రులు విడిపోతున్నారు, ఆ కుటుంబం కలవాలని అందరం ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం చెప్పుకుందాం అన్నారు. పేరు చెప్పలేదు. నైన్త్ బిలో ఎంతమంది అమ్మాయిలు ఉంటారండీ? ఇంటర్వెల్ కల్లా అందరికీ తెలిసిపోయింది. ఆ పిల్ల తొమ్మిది రోజులు స్కూల్‌కి రాలేదు. వచ్చాక టెన్త్ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు, లెక్క అర్థం కాకపోయినా అడగలేదు.

సిస్టర్ తప్పు అని నేను అనను. నోరు జారింది నేను. ప్రార్థన అని పేరు పెట్టుకుంటే రహస్యం చెప్పేయొచ్చు అనుకున్నాను. ఇది మన కాథలిక్ స్కూళ్లలోనే జరిగే తప్పు, ఎందుకంటే మన దగ్గర ప్రార్థన మనవులు ఉంటాయి, స్టాఫ్ ప్రేయర్ ఉంటుంది, ప్రేమతోనే చెప్తాం. కాబట్టి ఈ సంవత్సరం నుంచి దయచేసి ఒక్క నియమం పెట్టుకోండి, పిల్ల చెప్పిన విషయం ఆ పిల్లని అడక్కుండా ప్రార్థనలోకి కూడా రాకూడదు. పేరు లేకుండా కూడా. దేవుడికి మైక్‌లో చెప్పక్కర్లేదు కదా.

అయితే ఇక్కడ ఒక్క మినహాయింపు ఉంది, అది బాగా గుర్తు పెట్టుకోండి. పిల్ల తనకి తాను హాని చేసుకోవాలని ఉంది అన్నా, ఎవరైనా తనని ఇబ్బంది పెడుతున్నారు, తాకుతున్నారు అన్నా, ఎవరికీ చెప్పను అని మాట ఇవ్వకండి. ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యండి మిస్ అంటారు, వెయ్యకండి. నీకు సాయం చెయ్యాల్సినవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పను అనండి. పిల్లల్ని లైంగిక వేధింపుల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది, దాని 19వ సెక్షన్ ప్రకారం లైంగిక వేధింపు గురించి తెలిసినా, అనుమానం వచ్చినా పోలీసులకి చెప్పి తీరాలి. స్కూల్ పరువు పోతుంది, మేత్రాసనానికి, అంటే బిషప్‌గారి పరిధికి, చెడ్డపేరు, సంఘానికి చెడ్డపేరు, ముందు మనం లోపల విచారించుకుందాం అనే మాట వస్తుంది, నేను విన్నాను కూడా. సంస్థలో బాధ్యతలో ఉన్నవాళ్లు తమ కింద పనిచేసేవాళ్ల విషయంలో చెప్పకుండా దాస్తే ఏడాది దాకా జైలు. చట్టం సంగతి పక్కన పెట్టండి, చిన్నబిడ్డల విషయంలో యేసు ప్రభువు తిరగలి రాయి మాట అన్నారు, మత్తయి సువార్త 18వ అధ్యాయం, అంతకంటే కఠినంగా ఆయన ఇంకెక్కడ మాట్లాడారు? ఫాదర్ అయినా, సిస్టర్ అయినా, కరస్పాండెంట్ బంధువు అయినా, ముందు బిడ్డ.

తిరుసభ చట్టంలో, అంటే కాథలిక్ చర్చి నియమాల్లో, నాకు చాలా ఇష్టమైన ఒక నియమం ఉంది, మన టీచర్లలో చాలామందికి తెలియదు. 985వ కానన్. ఫాదర్ కాబోయేవాళ్లు చదివే సెమినరీ రెక్టర్, అంటే దాని పెద్ద, విద్యాసంస్థ రెక్టర్ తన దగ్గరే ఉండి చదువుకునే పిల్లల పాపసంకీర్తనం, అంటే పాపాలు ఒప్పుకోవడం, వినకూడదు, పిల్లలు తమంతట తాము అడిగితే తప్ప. ఎందుకు పెట్టారు? మార్కులు వేసేవాడు, హాస్టల్ నుంచి పంపేయగలిగేవాడు, మనసు విప్పి చెప్పించుకునేవాడు ఒకరే అయితే పిల్లవాడికి స్వేచ్ఛ ఉండదని. ఎంత తెలివైన నియమం చూడండి. మరి మన స్కూళ్లలో కౌన్సిలర్ ఎవరు? చాలాచోట్ల వైస్ ప్రిన్సిపాల్ సిస్టరే కౌన్సిలర్, ఆవిడే డిసిప్లిన్ ఇన్‌చార్జ్, ఆవిడే ఫీజు బకాయి అడిగేది. ఆవిడ దగ్గరికి ఏ పిల్ల వచ్చి మనసు విప్పుతుంది? అదే విధంగా సిస్టర్స్ సంగతి కూడా ఆలోచించండి. కాన్వెంట్‌లో సుపీరియర్, స్కూల్లో హెచ్చెం ఒకరే అయితే, ఆ చిన్న సిస్టర్‌కి అలసటగా ఉంది, నిద్ర పట్టట్లేదు అని ఎవరితో చెప్పుకోవాలి? మే నెలలో ట్రాన్స్‌ఫర్ వస్తుంది, సూట్‌కేస్ సర్దుకుని కొత్త ఊరు, కొత్త మనుషులు, జూన్‌లో స్కూల్. మనం వాళ్లని సిస్టర్, నాకోసం ప్రార్థించండి అని అడుగుతాం, మీరెలా ఉన్నారు సిస్టర్ అని ఎంతమందిమి అడిగాం? ఇక్కడ కూర్చున్న సిస్టర్స్ తల దించుకుంటున్నారు, సరే, నేను ఇంకేం అనను.

లే టీచర్ల, అంటే ఫాదర్లు, సిస్టర్స్ కాని టీచర్ల, జీతాల గురించి కూడా మాట్లాడాలి, లేకపోతే ఈ టాపిక్ అబద్ధం అయిపోతుంది. కరోనా టైమ్ గుర్తుందా? స్కూళ్లు మూతపడి ప్రైవేటు టీచర్లకి జీతాలు ఆగిపోతే 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మన టీచర్లు, పదిహేనేళ్లు చాక్‌పీసు పట్టుకున్నవాళ్లు, రేషన్ షాపు దగ్గర ఆ బియ్యం కోసం నిలబడ్డారు. ఆ రోజుల్లో ఉన్నదాంట్లోనే సగమైనా పంచిన కాన్వెంట్లు నాకు తెలుసు, ఫోన్ కూడా చెయ్యని మేనేజ్‌మెంట్లూ తెలుసు. ఆ ఫోన్ చెయ్యకపోవడాన్ని టీచర్లు ఇప్పటికీ మర్చిపోలేదు, జీతం రాకపోవడం కంటే అదే ఎక్కువ చెప్తారు నా దగ్గర.

ఆయమ్మా, ఇప్పుడు మీ సంగతి. నేను పనిచేసిన ఒక స్కూల్లో సిక్స్త్ క్లాస్ అబ్బాయి రోజురోజుకీ నీరసంగా అయిపోతుంటే క్లాస్ టీచర్ మార్కులు చూసింది, నేను డ్రాయింగ్స్ వేయించాను, ఏమీ తేలలేదు. ఆయమ్మ వచ్చి చెప్పింది, అమ్మా ఆ బాబు రెండు వారాల నుంచి ఖాళీ బాక్స్ తెస్తన్నాడు, ట్యాప్ దగ్గర కడుక్కుని తిన్నట్టు మూత పెట్టుకుంటన్నాడు అని. తండ్రి పని పోయిందట, పక్కపిల్లలకి తెలియకూడదని. మా చదువులకి కనపడంది ఆవిడకి కనపడింది. మీరు చూస్తారు. బస్సులో ఎవరు ఎవరి పక్కన కూర్చోవడం మానేశారో డ్రైవర్ అన్నకి తెలుస్తుంది. మరి మిమ్మల్ని ఎప్పుడైనా స్టాఫ్ మీటింగ్‌కి పిలిచారా? పిలవాలి. నెలకొకసారి, అరగంట.

మార్కుల విషయం. 2025 జులైలో సుప్రీంకోర్టు, మన విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉండి చనిపోయిన ఒక అమ్మాయి కేసులో, దేశంలో విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మందీ ఆ పైన పిల్లలున్న చోట శిక్షణ ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. స్టాఫ్ అందరికీ, నాన్ టీచింగ్ వాళ్లతో సహా, ఏడాదికి రెండుసార్లు ట్రైనింగ్. ఇంకా, మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, అందరిముందూ అవమానించడం వీలైనంత వరకు మానుకోమంది. మన స్కూళ్లలో ఎ సెక్షన్, డి సెక్షన్ ఎలా చేస్తున్నాం? డి సెక్షన్ పిల్లవాడు నాతో అన్నాడు, మేడమ్ మా సెక్షన్‌కి పేరు పెట్టక్కర్లేదు, అందరికీ తెలుసు అని. పన్నెండేళ్లవాడు! విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌లో కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ నిషేధమే, కానీ మైనారిటీ స్కూళ్లకి ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి మాకు అక్కర్లేదు అన్న ఒక పెద్దమనిషిని నేను కలిశాను. మైనారిటీ హక్కు మనకి ఎందుకు ఇచ్చారు, మన విశ్వాసం ప్రకారం స్కూల్ నడుపుకోమని కదా? బెత్తం మన విశ్వాసంలో ఎక్కడుంది?

ఇంకొకటి, కొంచెం బరువైన విషయం. ఒక పాప ఉండేది, ఎయిత్ క్లాస్, వాళ్ల నాన్న మిర్చి రైతు, అప్పులు, ఆయన ప్రాణం తీసుకున్నాడు. పాప స్కూల్‌కి వచ్చాక తోటి పిల్ల ఎవరో, మీ నాన్న నరకానికి వెళ్తాడంట, జ్ఞానోపదేశం క్లాసులో చెప్పారు అంది. ఆ పాప నా రూమ్‌లోకి వచ్చి నిజమేనా మేడమ్ అని అడిగింది. నేను తిరుసభ బోధనలు ఉండే సత్యోపదేశ గ్రంథం తెచ్చి 2283వ పేరా తీసి చదివించాను, ప్రాణం తీసుకున్నవాళ్ల నిత్య రక్షణ గురించి నిరాశ పడకూడదు, దేవుడికి మాత్రమే తెలిసిన దారుల్లో ఆయన వాళ్లకి అవకాశం ఇవ్వగలడు, తిరుసభ వాళ్లకోసం ప్రార్థిస్తుంది అని ఉంటుంది. దానికి ముందు పేరాలో తీవ్రమైన మానసిక బాధ, భయం ఆ మనిషి బాధ్యతని తగ్గిస్తాయని ఉంది. ఆ పాప మూడుసార్లు చదివింది. తర్వాత మా నాన్న పేరు మీద చర్చిలో పూజ పెట్టించొచ్చా అని అడిగింది. జ్ఞానోపదేశం చెప్పే టీచర్లు, మారల్ సైన్స్ టీచర్లు దయచేసి ఆ రెండు పేరాలూ ఇవాళే చదవండి. పిల్లవాడు చావు గురించి మాట్లాడుతున్నాడనిపిస్తే సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన వస్తుందని భయపడతారు, రాదు, అడిగితే ఊపిరి పీల్చుకుంటారు. అడిగి, ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవాళ్లకి, డాక్టర్‌కి చేర్చండి. మానసిక సాయం కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఈ రెండూ ప్రతి క్లాసులో, స్టాఫ్ రూమ్‌లో కూడా, వాష్‌రూమ్ తలుపు లోపలివైపు కూడా అంటించండి, అక్కడైతే ఎవరూ చూడకుండా రాసుకుంటారు. టీచర్లు కూడా టెలి మానస్‌కి ఫోన్ చెయ్యొచ్చు. నేను చేశాను, మా అమ్మ చనిపోయిన ఏడాది.

ప్రార్థన వద్దు అనట్లేదు నేను, ఎవరూ అలా అర్థం చేసుకోకండి. నేను పొద్దున పూజకి వెళ్లకుండా స్కూల్‌కి రాను. కానీ మన పిల్లల్లో కాథలిక్కులు ఎంతమంది? 1965లో రెండో వాటికన్ మహాసభ, అంటే ప్రపంచంలోని బిషప్పుల సభ, విద్య మీద ఇచ్చిన ప్రకటనలోనే, కాథలిక్కులు కాని పిల్లలు కూడా చదివే మన స్కూళ్లు తిరుసభకి చాలా ప్రియమైనవి అని ఉంది. ఒక ముస్లిం అమ్మాయి ఏడుస్తూ వస్తే చాపెల్‌కి వెళ్లి మోకరించమ్మా అనకండి. కూర్చో, నీళ్లు తాగు అనండి. తను అడిగితే నీకోసం ప్రార్థిస్తాను అనండి, చాలు.

ఆఖరుగా ఒకటి చెప్పి కూర్చుంటాను, చేయొచ్చు అని నమ్మకం కోసం. ఒక స్కూల్లో హెచ్చెం సిస్టర్ టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ప్రతి టీచర్‌కి రోజుకొక లీజర్ చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, ఇది నేను కూడా తీసుకోను అని రాసింది. ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాస్‌కి ఆవిడే వెళ్లింది, కుదరకపోతే రెండు సెక్షన్లు కలిపి లైబ్రరీకి పంపింది. సాయంత్రం ఆరు దాటాక క్లాస్ గ్రూపుల్లో మెసేజ్ పెట్టే వీలు లేకుండా సెట్టింగ్ మార్చింది, అర్జెంటైతే ఆఫీస్ ఫోన్. మొదటి నెల పేరెంట్స్ గొడవ చేశారు. రిజల్ట్ పడిపోతుందని కరస్పాండెంట్‌గారు భయపడ్డారు. ఆ ఏడాది నా రూమ్‌కి పిల్లల్ని తీసుకొచ్చిన టీచర్లు ముందు ఏడాది కంటే ఎక్కువమంది, చేయి పట్టుకుని, మేడమ్ నేను కొంచెం మాట్లాడాను, మిగతాది మీరు వినండి అని. ఆ పది నిమిషాలు వాళ్లకి దొరికాయి కాబట్టి. మీ టైమ్‌టేబుల్ ఇంకా ఫైనల్ కాలేదని సిస్టర్ పొద్దున చెప్పారు. ఎర్ర పెన్ను నేను తెచ్చాను సిస్టర్, ఇదిగో, టేబుల్ మీద పెడుతున్నాను.

పన్నెండున్నర దాటింది, ప్రశ్నలు భోజనాల తర్వాత తీసుకుందాం. మొదటి బంతిలో ఆయమ్మలు, డ్రైవర్ అన్నలు, వాచ్‌మన్ తాత కూర్చోండి. ఫాదర్‌గారూ, మీరూ నేనూ వడ్డిద్దాం రండి.